మామ దెబ్బ, అల్లుడి పంటిగాటు

మా ఆవిడ చదువును నేను నమిలేసిన కథ ఇది. అలంకారానికి అంటున్న మాట కాదు. నిజంగానే నమిలాను. అల్లం వెల్లుల్లి కూడా దంచి వేశాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రాణాలతో ఎలా మిగిలానో ఇప్పటికీ అంతుపట్టదు, ఎందుకంటే అది ఆయుధాలకు కొదవ లేని ఇల్లు. బట్టలారేసుకునే చోట, వాషింగ్ మెషీన్ పక్కన, ఆవిడ తన చేత్తో చెక్కిన రాతి కత్తులు ఒక ట్రే నిండా ఉండేవి.

రాతి కత్తులేమిటి అంటారా? చెప్తాను, తొందరపడకండి. తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికే గదా ఇదంతా.

అప్పట్లో మేం సింగపూర్‌లో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో, ఎల్‌ఆర్‌టీ రైలు మా కిటికీలోంచే దూసుకుపోతోందా అనిపించే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతికి పట్టుకునే ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసేవాడికి తన తప్పు చచ్చినా కనిపించదని నా భార్య స్వరూప అనేది. ఇద్దరిదీ హనుమకొండే. ఆమె బ్యాంకులో సలక్షణమైన ఉద్యోగం చేస్తూ చేస్తూ, ముప్పై దాటాక ఒకరోజు రాజీనామా ఇచ్చి యూనివర్సిటీలో చేరింది. ఏం చదవడానికని ఎవరైనా అడిగితే నేను నీళ్ళు నమిలేవాణ్ణి. ఆమె చదువుతున్నది పాత ఎముకలు. బ్యాంకు నౌకరి ఇడిసి బొక్కలేరుకుంటదా అని మా అమ్మ ఫోన్‌లో ముక్కు చీదింది. మా వైపు ఎముకను బొక్క అంటాం.

నేనూ మొదట్లో నవ్వాను. ఒకరోజు స్వరూప కూర్చోబెట్టి చెప్పింది. లక్షల ఏళ్ల కిందటి మనుషులు ఏం తిన్నారో రాసిపెట్టి పోలేదు, వాళ్ళు తిని పారేసిన ఎముకలే చెప్పాలి. రాతి కత్తితో మాంసం కోస్తే ఎముక మీద సన్నగా లోతైన గీత పడుతుంది, ఆ గీత లోపల మళ్ళీ వెంట్రుకల్లాంటి గీతలుంటాయి. జంతువు పన్ను దిగితే గుంట వెడల్పుగా, నున్నగా ఉంటుంది. లోపలి మూలుగు కోసం రాయి పెట్టి పగలగొడితే, దెబ్బ తగిలిన చోట పెచ్చు లేచిపోతుంది. ఏ గుర్తు మీద ఏ గుర్తు పడిందో చూస్తే, ముందు ఎవరు తిన్నారో, తర్వాత ఎవరు తిన్నారో తేలిపోతుంది. సింహం వదిలేసిన దాన్ని మనిషి తిన్నాడా, మనిషి వదిలేసిన దాన్ని నక్క తిన్నదా అన్నదే ఆ చదువులో పెద్ద పేచీ.

"అంటే ఎంగిలి ఎవరిదో తేల్చుడా?" అన్నాను.

"అంతే అనుకో," అన్నది స్వరూప.

ఎంగిలి శాస్త్రంలో డాక్టరేట్. మా అమ్మకు ఆ ముక్క చెప్పలేదు. వంటింట్లో ఎంగిలి చెయ్యి గిన్నెకు తగిలితే గిన్నెను మూడు నీళ్ళు కడిగించే మనిషి ఆవిడ.

పాత ఎముకల మీది గీతలు అర్థం కావాలంటే పోల్చుకోవడానికి కొత్త ఎముకలు కావాలట. అందుకని స్వరూప మార్కెట్ నుంచి మేక కాళ్ళు తెచ్చి, రాయిని రాయితో కొట్టి పెచ్చులు తీసి, ఆ పెచ్చులతో మాంసం కోసేది. ఇనుప కత్తి తగలనిచ్చేది కాదు. ఏ గీత ఏ రాయితో, ఎటు నుంచి ఎటు గీసిందో రాసుకునేది. ఏడాది పాటు సెలవు రోజులన్నీ అదే పని. కింది అంతస్తు ఆయన రెండుసార్లు పైకొచ్చి ఇల్లు మరమ్మతు ఎప్పుడు పూర్తవుతుందని మర్యాదగా అడిగి పోయాడు. కోసిన మాంసం మాత్రం స్నేహితులకు పంచేసేది. మాకు ఒక్క ముక్క దక్కేది కాదు.

ఎందుకు దక్కేది కాదంటే, అక్కడొక పెద్ద కథ. డాక్టరు నా రక్తంలో కొవ్వు చూసి మటన్ తగ్గించమన్నాడు. అదే సమయంలో మా మామ నర్సయ్య, అంటే స్వరూప తండ్రి, మూడు నెలలు ఉండిపోదామని హనుమకొండ నుంచి వచ్చాడు. ఆయన డాక్టరు ఆయన్ని పూర్తిగా మానెయ్యమన్నాడు. స్వరూప ఇద్దరు డాక్టర్ల మాటనూ కలిపి ఒకటే చట్టం చేసింది. ఇంట్లో యాటకూర బంద్.

ఇది మామూలు విషయం కాదు. మా వైపు మామా అల్లుళ్ళ బంధమంతా నల్లి బొక్క చుట్టూ తిరుగుతుంది. నల్లి బొక్కంటే లోపల మూలుగు నిండిన కాలి ఎముక. అల్లుడు ఇంటికొస్తే యాటను కోయాలి, ఆ బొక్క వెతికి వెతికి అతని పళ్ళెంలోనే వెయ్యాలి. పడకపోతే అల్లుడు అలుగుతాడు. ఆ అలక తీర్చడానికి పెద్దమనుషులు కూర్చున్న పెళ్ళిళ్ళు నాకు తెలుసు. అలాంటిది మామా అల్లుళ్ళం ఒకే కప్పు కింద ఉండి, ఎదురెదురుగా కూర్చుని సొరకాయ తింటున్నాం. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నారు పెద్దలు. మా ఇంట్లో మామ నోట్లోనూ శనే.

సరే. స్వరూపకు ఒక సోమవారం మొదటి ఏడాది పరీక్ష పడింది. రాసే పరీక్ష కాదు. ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల ముందు తన ఎముకలు పరిచి, వాటి మీది గుర్తులు చదివి ఒప్పించాలి. ఒప్పుకుంటే చదువు సాగుతుంది. లేకపోతే అంతటితో సరి, సంచి సర్దుకుని ఇంటికి రావడమే. బ్యాంకు ఉద్యోగం ఎలాగూ పోయింది. అందులో ఓడిపోతే మా బంధువర్గమంతా నోరు తెరుచుకుని, మేం ముందే చెప్పినం గదా అనడానికి సిద్ధంగా ఉంది. స్వరూప వారం రోజులుగా సరిగ్గా తినడం లేదు, అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకుంటోంది.

ఆ ముందు శనివారం పొద్దున ఆమె ల్యాబ్‌కు పోతూ పోతూ గడప దగ్గర నాతో ఏదో చెప్పింది. నేను చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని క్రికెట్ చూస్తున్నాను. "ఊ" అన్నాను. ఇంకేదో చెప్పింది. మళ్ళీ "ఊ" అన్నాను. పెళ్ళైన మగవాడి ఊ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మాట వినపడిందని కాదు, మనిషి వినపడిందని.

మధ్యాహ్నం మామ వంటింట్లోంచి పిలిచాడు. పిలుపులో ఏదో భక్తి ఉంది. వెళ్ళి చూస్తే ఫ్రీజర్ కింది అర లాగి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అరలో నల్ల సంచి. సంచిలో నల్లి బొక్కలు. ఒకటా రెండా, వరసగా పేర్చి ఉన్నాయి. అక్కడక్కడ మాంసం పీచు అంటుకుని, ప్రతి దానికీ దారంతో చిన్న చీటీ కట్టి ఉంది. చీటీ మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు.

ఇక్కడ మీరు ఆగి, ఇంతమాత్రం తెలియలేదా నీకు అంటారు. నిజమే. కానీ స్వరూప ఎముకలు ఎప్పుడూ ల్యాబ్‌లోనే ఉంటాయి. ఇంట్లో కోయడం, వెంటనే తీసుకుపోయి అక్కడ దాచడం, అదీ రివాజు. ఇక ఆ చీటీలంటారా, అవి దుకాణం వాళ్ళవే అనుకున్నాను. సింగపూర్‌లో దేనికి చీటీ ఉండదు? తప్పులు పట్టే నిపుణుణ్ణి కదా, చీటీ చదివి, ఎల్ అంటే లార్జ్ అని మామకు వివరించాను. ఎల్ అంటే లెఫ్ట్ అని తర్వాత తెలిసింది.

మామ రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ తప్పుకైనా ఒక రూలు చూపించగలడు. పరీక్ష అయిపోయాక మనకు దావత్ ఇవ్వాలని పిల్ల దాచిపెట్టి ఉంటుందన్నాడు. దావత్ మనకే అయినప్పుడు సోమవారం తింటే ఏమిటి, శనివారం తింటే ఏమిటన్నాడు. డాక్టరు వద్దన్నది మాంసం గానీ బొక్కలు కాదు గదా అని కూడా అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి వింటుంటే నాకు ప్రతి మాటా న్యాయంగానే కనిపించింది.

"స్వరూప వచ్చేసరికి సాయంత్రమైతది. అప్పటిదాకా గిన్నెలు కడుగుడు కూడా అయిపోతది," అన్నాడు మామ.

చీటీలు తెంపేశాం. నేను ఉల్లిగడ్డలు కోశాను, మామ అల్లం ఎల్లిగడ్డ నూరాడు. పసుపు, కారం, ధనియాల పొడి, ఇంత గసగసాల ముద్ద. కుక్కర్ కూత పెట్టిన కొద్దీ మామ ముఖంలో వయసు తగ్గుతూ వచ్చింది. ఈలోపు ఆయన జొన్న రొట్టెలు కూడా కొట్టాడు. ఆ షోర్వా వాసన కారిడార్ దాటి లిఫ్ట్ దాకా పోయింది.

పళ్ళేల ముందు కూర్చున్నాక పెద్ద చిక్కొచ్చింది. అన్నిట్లోకీ లావు బొక్క ఎవరిది? నువ్వు అల్లుడివి, నీదే అంటాడు మామ. ఇక్కడ మీరే చుట్టం, మీదే అంటాను నేను. అది పళ్ళేల మధ్య అటూ ఇటూ తిరిగి తిరిగి చల్లారిపోతుంటే చివరికి మామ తీసుకున్నాడు. అయితే ఆయనకు దవడ పళ్ళు పోయి చాలాకాలమైంది. నాలాగా చివర్లు కొరికి, పీల్చి, నమలడం ఆయన వల్ల కాదు. ఇటూ అటూ చూసి, స్వరూప ట్రే పక్కనున్న గుండ్రాయి పట్టుకొచ్చాడు. కింది అంతస్తు ఆయన మళ్ళీ వస్తాడేమోనని బొక్క కింద టవల్ మడతపెట్టి పరిచాను. మొదటి దెబ్బ జారింది. రెండోది తగిలింది. మూడోదానికి బొక్క పగిలి మూలుగు బయటికొచ్చింది.

"పండ్లు లేనోనికి రాయే పండ్లు, అల్లుడా," అన్నాడు మామ, కళ్ళు మూసుకుని జుర్రుకుంటూ.

లక్షల ఏళ్ల కిందట ఏ గుహ ముందో ఎవరో పెద్దాయన తన అల్లుడితో ఇదే మాట అని ఉంటాడు. స్వరూప చదువంతా ఆ ఒక్క వాక్యంలో ఉందని నాకు అప్పుడు తెలియదు. నేను నా వాటా ఎముకల చివర్లు మెత్తబడేదాకా నములుతున్నాను.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్వరూప.

"ఫ్రీజర్‌ల ఉన్న నా బొక్కల సంచి కదిలించలేదు గదా? పొద్దున చెప్పిన గదా, ల్యాబ్ ఫ్రిజ్ ఖరాబైందని ఇంటికి తెచ్చిన. నా ఏడాది పని మొత్తం అందులనే ఉన్నది."

నా నోట్లో ఆమె ఏడాది పని ఒక ముక్క ఉంది. దాన్ని చెంపలోకి తోసి, "ఊ" అన్నాను. ఈసారి ప్రతి అక్షరం వినిపించింది.

ఫోన్ పెట్టేశాక మామకు చెప్పాను. ఆయన చేతిలో బొక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల ఏడాది పాటు వేళ్ళు కోసుకుంటూ, కట్లు కట్టుకుంటూ గీసిన గీతలు అవి. వెంటనే ఫోన్ చేసి చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడు చెప్తే పిల్ల ఆగమైతది. పరీక్ష అయినంక చెప్దాం," అన్నాడు మామ. "పోయింది ఏమున్నది? మూలుగు పోయింది. బొక్కలు బొక్కల్లెక్కనే ఉన్నయ్."

అది విన్నాక నాకూ ధైర్యం వచ్చింది. ఎముకలు కావాలి, ఎముకలున్నాయి. కడిగి పెట్టేస్తే సరి. ఎముక కొరకనేల, నిమ్మకాయ రుద్దనేల అనే సామెత ఆ రోజే పుట్టింది. పళ్ళేల్లోంచి ఎంగిలి ఎముకలన్నీ ఏరి, గిన్నెలు తోమే సబ్బుతో తోమాం. కారం పోయింది, నూనె పోయింది. పసుపు పోలేదు. మేక పుట్టుకతోనే కామెర్ల రోగి అన్నట్టున్నాయి ఎముకలు. నిమ్మకాయ రుద్దాం, వెనిగర్‌లో నానబెట్టాం. అప్పుడు మామకు గుర్తొచ్చింది, తెల్ల బట్టకు పసుపు అంటితే ఎండలో వేస్తే విరిగిపోతుందని. కారిడార్‌లో బట్టల స్టాండ్ పెట్టి, నా బనియన్లు తీసేసి, క్లిప్పులతో ఎముకలు వేలాడదీశాం.

ఎదురింటి చైనీస్ ఆంటీ కూరగాయల బండితో వచ్చి ఆగింది. ఎముకలను చూసింది, మమ్మల్ని చూసింది.

"సూప్ మేకింగ్ నాట్ లైక్ దిస్ లా," అన్నది జాలిగా.

మా ఊళ్ళో ఇలాగేనని చెప్పాను. ఆవిడ తల ఊపి లోపలికి పోయి, ఒక అల్లం కొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టింది. అంతలో వాన మొదలైంది. సింగపూర్ వాన సంగతి తెలుసు గదా, అనుమతి అడగదు. ఎముకలను లోపలికి పరిగెత్తించి, స్వరూప హెయిర్ డ్రయ్యర్‌తో మిగతా తడి ఆర్చాం. పసుపు చాలామటుకు పోయింది. చూసేవాళ్ళకు చూపు తక్కువైతే పూర్తిగా పోయినట్టే.

మామ పగలగొట్టిన ఎముకలు మిగిలాయి. వాటిని సూపర్ గ్లూతో అతికించాను. ఏ ముక్క ఏ ఎముకదో కొలిచి చూసి అతికించాను, అనుకున్నాను. చీటీలు మళ్ళీ కట్టాం. ఏ చీటీ దేనిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మామ, గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ళకు మేం ఇట్లనే కట్టేదని భరోసా ఇచ్చాడు. సంచి మూతికి మునుపటిలాగే టేపు వేసి, ఫ్రీజర్‌లో పెట్టి, ఇల్లంతా సాంబ్రాణి పొగ వేశాం.

స్వరూప వచ్చి ఇంట్లో ఏదైనా పూజ అయిందా అని అడిగింది. నీ పరీక్ష గట్టెక్కాలని మొక్కుకున్నామని మామ అన్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాటకు నాకు కలిగిన సిగ్గు అంతా ఇంతా కాదు. ఆమె పెరుగన్నం రెండు ముద్దలు తిని, మీరిద్దరూ కూడా సోమవారం రండి, వెనక కూర్చోవచ్చని ప్రొఫెసర్ చెప్పింది, మీరుంటే నాకు ధైర్యం అన్నది. నేను పళ్ళెంలోకి చూస్తూ తలూపాను.

సోమవారం. గదిలో ముందు వరసలో స్వరూప ప్రొఫెసర్, పెద్దావిడ, దయగల ముఖం. పక్కన డాక్టర్ లిమ్ అనే పరీక్షకుడు. ఆయన ముఖంలో దయ కోసం నేను చాలాసేపు వెతికాను. వెనక వరసలో మామా అల్లుళ్ళం ఇస్త్రీ చొక్కాల్లో కూర్చున్నాం. మామ విభూతి కూడా పెట్టుకున్నాడు.

స్వరూప బాగా మొదలుపెట్టింది. మనిషికి సింహం పళ్ళు లేవు, అందుకే రాయిని పన్నుగా చేసుకున్నాడు, ఆ రాయి మాంసాన్నీ మూలుగునూ అందించింది అని చెప్పుకుంటూ పోతుంటే మామ నా వైపు వంగి, నేను చెప్పలేదా అన్నాడు. అప్పుడు డాక్టర్ లిమ్ చెయ్యి ఎత్తాడు.

"ఈ గీతలు గీసింది నువ్వే, చదివేదీ నువ్వే," అన్నాడు. "నీ దస్తూరీ నువ్వు గుర్తుపట్టడంలో గొప్పేముంది? నీకు తెలియని గుర్తులను చదవగలవని నేనెలా నమ్మాలి?"

స్వరూప ముఖం పాలిపోయింది. దానికి ఆమె దగ్గర జవాబు లేదని నాకు కూడా తెలిసిపోయింది. ముందు నమూనాలు చూపిస్తానని గొణిగి, సంచి టేపు తీసి, ఒక ఎముకను మైక్రోస్కోప్ కింద పెట్టింది. గోడ మీది పెద్ద తెర మీద ఆ ఎముక కొండంత కనిపించింది. దాని మీద నా పంటిగాట్లు చెరువుల్లాగా ఉన్నాయి.

ఆమె ఎముకను అటూ ఇటూ తిప్పింది. ఇంకొకటి తీసింది. ఆ తర్వాత, పరీక్షల చరిత్రలో ఏ విద్యార్థీ చెయ్యని పని చేసింది. ఎముకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మెల్లగా తలెత్తి వెనక వరస వైపు చూసింది. మామ పైకప్పులో ఏదో వెతుక్కుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను నా పళ్ళు తడుముకున్నాను.

అయిపోయింది అనుకున్నాను. లేచి, తప్పు నాది అని అరుద్దామనుకున్నాను. అంతలో స్వరూపే నోరు తెరిచింది.

"క్షమించాలి," అన్నది స్వరూప. "ఇవి నేను దాచిపెట్టినట్టు లేవు. వీటి మీద నేను చెయ్యని గుర్తులున్నాయి. ఇవి ఎలా వచ్చాయో నాకెవరూ చెప్పలేదు."

డాక్టర్ లిమ్ ముందుకు వంగాడు. "అయితే చదువు," అన్నాడు.

స్వరూప ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. ఇక చదవడం మొదలుపెట్టింది. అన్నిటికంటే కింద ఉన్నవి తన రాతి కత్తి గీతలు, అంది. వాటి మీద గుండ్రాయి దెబ్బలున్నాయి. మొదటి దెబ్బ జారింది, మూడోదానికి ఎముక పగిలింది, కాబట్టి కొట్టింది అలవాటు తప్పిన చెయ్యి. ఎముక అడుగున రాపిడి లేదు, కింద మెత్తటి గుడ్డ పరిచారు. అంటే శబ్దానికి భయపడే మనుషులు, కింద ఎవరో కాపురముంటున్నారు. ప్రొఫెసరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తిన్నది ఇద్దరు," అని సాగించింది స్వరూప. పగలగొట్టిన ఎముకల మీద పన్ను ఆనవాలే లేదు, కాబట్టి అతనికి దవడ పళ్ళు లేవు. పగలని ఎముకల చివర్లు మాత్రం పిప్పి పిప్పి అయ్యాయి, కాబట్టి ఇంకొకతనికి పళ్ళున్నాయి. అయితే ముందు పన్ను కొస విరిగి ఉంది, అందుకే ప్రతి గాటూ జంటగా పడింది. చిన్నప్పుడు నేను సోడా మూత పంటితో తీయబోయి విరగ్గొట్టుకున్న పన్ను అది. నేను నోరు బిగించుకున్నాను.

చివరి ఎముకను ఆమె తిప్పి చూసింది. "ఇది విరిగాక దీన్ని అతికించారు," అన్నది. "లక్షల ఏళ్లలో ఏ మనిషీ తాను తిన్న ఎముకను అతికించిపెట్టలేదు. కాబట్టి వీళ్ళు ఈ కాలం వాళ్ళు. ఇంట్లో ఎవరికో బాగా భయపడేవాళ్ళు. పైగా ఎడమ కాలికి కుడికాలి ముక్క అతికించారు."

గదిలో నవ్వు ఆగడం లేదు. నవ్వనివాడు డాక్టర్ లిమ్ ఒక్కడే. ఇవన్నీ వినడానికి బాగున్నాయి గానీ నిజమో కాదో ఎలా తెలుస్తుందన్నాడు.

"అడిగి తెలుసుకోండి," అన్నది స్వరూప. "చివరి వరసలో ఉన్నారు."

అందరూ వెనక్కి తిరిగారు. మామ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి నమస్తే పెట్టాడు. డాక్టర్ లిమ్ కుర్చీ జరుపుకుని మా దగ్గరికే వచ్చాడు. జేబులోంచి ఫోన్ తీసి లైటు వేసి, ముందు మామ నోట్లో చూశాడు. దవడ ఖాళీ. తర్వాత నా వైపు తిరిగి, నోరు తెరవమని సైగ చేశాడు. తెరిచాను. సింగపూర్ వచ్చిన ఇన్నేళ్లకు నా నోరు ఉన్నత విద్యకు పనికొచ్చింది. ఆయన నా విరిగిన పన్ను చూసి, తెర మీది గాటు చూసి, మళ్ళీ నా పన్ను చూసి, మొదటిసారి నవ్వాడు. అయితే అప్పటిదాకా ఆ ఎముకలను చేతుల్లో తిప్పుతున్న ప్రొఫెసరమ్మకు అవి మా మామ ఎంగిలని అప్పుడే బోధపడింది. ఆవిడ మెల్లగా వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది.

స్వరూప గెలిచింది. తెలియని గుర్తులను చదివి, ఎవరు, దేనితో, ఏ వరసలో తిన్నారో ఒక్కటీ తప్పకుండా చెప్పిందని డాక్టర్ లిమ్ తానే ఒప్పుకున్నాడు.

రైల్లో ఇంటికి వస్తున్నాం. మామ ఏదో చెప్పబోతే స్వరూప ఒక చూపు చూసింది, ఆయన తలుపు మీది స్టేషన్ల పేర్లు చదువుకోవడం మొదలుపెట్టాడు. చివరికి నేనే క్షమించమన్నాను.

"తిన్నందుకు కాదు నాకు కోపం," అన్నది. "తిని, కడిగి, అతికించి, నా ముందట సాంబ్రాణి పొగ ఏసిన్రు చూడు, దానికి. లక్షల ఏండ్ల కిందటోడు ఏం తిన్నడో చెప్తా అని పోయినదాన్ని. శనివారం నాడు నా మొగుడు ఏం తిన్నడో తెల్వదనుకున్నవా?"

సిగ్గుతో నేల చూస్తూ కూర్చున్నాను. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని భయపడి చూశాను. నవ్వుతోంది. ఎంతసేపు నవ్విందంటే ఎదురు సీటు పాప కూడా నవ్వింది.

కథ ఇక్కడ అయిపోతే నాకూ బాగుండేది. కానీ డాక్టర్ లిమ్ ఒక షరతు పెట్టాడు. ఇలాంటి నమూనాలు మరిన్ని కావాలి. వేరే మనుషులైతే కుదరదు, గుర్తులు పోల్చాలంటే అదే రాయి దెబ్బ, అవే పళ్ళు ఉండాలి. స్వరూప మమ్మల్ని అడగకుండానే సరేనంది. అలా ఆ తర్వాత వచ్చిన ప్రతి శనివారం మామా అల్లుళ్ళం తెల్ల కోట్లు వేసుకుని ల్యాబ్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో నల్లి బొక్కలు, కోరినన్ని. కొవ్వంతా పోయేదాకా ఉడికించి, మూలుగు ముందే తీసేసినవి. ఉప్పు లేదు, కారం లేదు, పసుపు మరక పడుతుందని పసుపు అసలే లేదు. ల్యాబ్ మనిషి ఒకాయన నిలబడి ఇంకా కొరకండి, ఇంకొంచెం ఎడమకు అంటుంటే నేను కొరికేవాణ్ణి. మామ కొట్టేవాడు. మూడో శనివారానికి మామ రాయి కింద పెట్టి, "నాకు యాటకూర మీద మనసిరిగింది, బిడ్డా," అన్నాడు కూతురితో. ఏ డాక్టరూ మాన్పించలేనిది అలా మానింది. మూడు నెలల కోసం వచ్చిన మనిషి టికెట్ ముందుకు జరిపించుకుని హనుమకొండ వెళ్ళిపోయాడు. నేను మిగిలాను. నాకు జరిపించుకోవడానికి టికెట్ లేదు.

ఇప్పుడు స్వరూప డాక్టర్ స్వరూప. ఏ దేశంలో సభ జరిగినా ఆమె వరసగా బొమ్మలు చూపిస్తుంది. సింహం పంటిగాటు. తోడేలు పంటిగాటు. ఆ తర్వాత నాది. ముక్కూ ముఖం తెలియని శాస్త్రవేత్తలు నన్ను చూడగానే ముందు నోటివైపు చూస్తారు.

కాబట్టి, పాఠకులారా, మిమ్మల్నీ మా ఇంటి కుక్కర్‌నూ సాక్షిగా పెట్టుకుని నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. నా భార్య దాచిన ఎముకను ఈ జన్మలో ముట్టను. ఒకవేళ ముట్టినా, పన్ను ఆనించను. ఒకవేళ ఆనించినా, ఆనవాలు మిగల్చను.